హల్దార్‌బాబుకి అప్పల్రాజు మావ నడక

యానిమేషన్ నేర్చుకుంటున్న పిల్లలు ఏడాదికి ఒకరిద్దరు ఖరగ్‌పూర్ తెలుగు రైల్వేవాళ్ళ కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఖరగ్‌పూర్ పత్రికలో పదిహేనేళ్ళు రాజకీయ కార్టూన్లు వేసి, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు రోజూ లోకల్ ట్రైన్లో కలకత్తా వెళ్ళి అక్కడి స్టూడియోల్లో బొమ్మల్ని నడిపించినవాణ్ణి కాబట్టి నా దగ్గర ఏదో రహస్యం ఉందని వాళ్ళ అనుమానం. కూర్చోగానే అడుగుతారు: "సార్, మీ రోజుల్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడేవారు?" చెబుతాను. గుండెజబ్బు ఉన్నవాణ్ణి చూసినట్టు చూస్తారు. తర్వాత టీ తాగి, కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోతారు. ఆ దండం నాకో, నా సాఫ్ట్‌వేర్ ఆత్మశాంతికో నాకింకా తేలలేదు.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండు. రెండుసార్లూ కుర్చీ మారింది, పని మారలేదు. షీల్డులు నాలుగున్నాయి, వాటి మీద మా ఆవిడ చేతి తువ్వాళ్ళు ఆరేస్తుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఉపయోగపడేది నా దగ్గర ఒకటే ఉంది, నేను చేసిన ఒక తప్పు. ఇరవై సెకన్ల బొమ్మ కోసం చేశాను. దానివల్ల మా వీధిలో ఒక మనిషి ఉద్యోగానికి ఎసరొచ్చింది.

జింకు బ్లాకులు

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో పెయింటరు, బోగీల మీద నంబర్లు రాసేవాడు. కుంచె పట్టుకోవడం ఆయన నేర్పాడు. మిగతాదంతా ముడీ పొట్లాలు నేర్పాయి. మరమరాల్ని ఇక్కడ ముడీ అంటారు. పొట్లాలు పాత బెంగాలీ, ఇంగ్లీషు పత్రికలతో కట్టేవారు. ముడీ తినేసి, కాగితం విప్పి, ఆవనూనె మరక పడనిచోట రాజకీయ కార్టూన్ ఏదైనా కనబడితే చదును చేసి బైబిల్లో దాచేవాణ్ణి. మా అమ్మకి చాలాకాలం నా భక్తి మీద మంచి అభిప్రాయం ఉండేది.

ఆ బొమ్మల్లో సగానికి సంతకం దగ్గరే చిరిగిపోయేది. ఎవరు వేశారో తెలియదు. కానీ ఒక సంగతి తెలిసింది. మంత్రిని గుర్తుపట్టడానికి మంత్రి అంతా అక్కర్లేదు. ఒక గడ్డం, ఒక కళ్ళజోడు, మెడ వంచే తీరు చాలు. మిగతా మనిషిని వదిలేయవచ్చు. ఓటర్లు చేసేదీ అదే.

ఎనభైల మొదట్లో మా ఊళ్ళోనే సుభాష్‌పల్లిలో ఒక చిన్న బెంగాలీ దినపత్రికలో చేరాను. ఎడిటరు నిరంజన్‌దా. దా, దాదా అంటే ఇక్కడ అన్న. నాకు బెంగాలీ మాట్లాడడం వచ్చు, రాయడం అంతంతమాత్రం. అందుకని బొమ్మ నాది, కింద రాసే వ్యాఖ్య ఆయనది. కార్టూన్ పేలితే వ్యాఖ్య వల్ల, పేలకపోతే బొమ్మ వల్ల అని ఆయన చివరిదాకా నమ్మాడు.

అప్పట్లో బొమ్మ అచ్చు కావాలంటే జింకు బ్లాకు చేయించాలి. బ్లాకు చేసేవాడు కలకత్తాలో ఉండేవాడు. పొద్దున్న లోకల్లో బొమ్మ వెళితే మూడో రోజుకి బ్లాకు తిరిగొచ్చేది. ఈ మూడు రోజులూ నాయకులు చేతులు కట్టుకుని కూర్చోరు కదా. ఒకసారి అధికారపక్షం మీద దుమ్మెత్తిపోస్తున్న ఒకాయన బొమ్మ పంపాను. బ్లాకు దిగేసరికి ఆయన అధికారపక్షంలోనే ఉన్నాడు.

"ఏం చేద్దాం దాదా?" అన్నాను.

"దాచిపెట్టు. రెండు వారాల్లో మళ్ళీ పాత పార్టీలోకి వస్తాడు."

వచ్చాడు. బ్లాకు వృథా కాలేదు.

నిరంజన్‌దా దగ్గర నేర్చుకున్నవాటిలో చాలా మంచివి ఉన్నాయి. సమయానికి ఇవ్వడం, తక్కువ గీయడం, తిట్టు తగిలినవాడు మర్నాడు ఆఫీసుకొస్తే టీ పోయడం. ఒకటి మాత్రం నాకు నష్టం చేసింది. కొత్తలో ఒకరోజు నేను ఒక నాయకుడి గురించి, "ఈయనెందుకు ఎప్పుడూ ఎడమచెయ్యి జేబులోంచి తియ్యడు?" అని అడిగాను. ఆయన కాగితాల్లోంచి తల కూడా ఎత్తలేదు.

"నీకు కనబడింది గీయి. ఎందుకని అడగడానికి రిపోర్టర్లున్నారు."

పదేళ్ళు అలాగే చేశాను. చూడు, గీయి, ఇచ్చెయ్. కన్ను కత్తిలా తయారైంది. నోరు మాత్రం మూతపడింది. అదొక లోపమని నాకు అనిపించలేదు, వృత్తి నైపుణ్యం అనుకున్నాను.

నా బొమ్మల్లో అందరికన్నా ఎక్కువసార్లు కనబడినవాడు హల్దార్‌బాబు అనే వార్డు నాయకుడు. ఉబ్బిన బుగ్గలు, జేబులో మూడు పెన్నులు, ఆకాశం వైపు చూపుడువేలు. ఆయన వార్డులో ఒక మురికికాలవ ఉండేది. ప్రతి ఎన్నికకూ దాన్ని బాగుచేస్తానని మాటిచ్చేవాడు, ఆ మాట మళ్ళీ పనికిరావాలి కాబట్టి బాగుచేసేవాడు కాదు. నేను దాని మీద ఎన్ని కార్టూన్లు వేశానో లెక్కలేదు. ప్రతిసారీ ఆయన మనిషి ఆఫీసుకొచ్చి అసలు బొమ్మ అడిగి తీసుకెళ్ళేవాడు. ఒక పండక్కి వాళ్ళింటికి వెళితే ముందుగదిలో పద్దెనిమిది కార్టూన్లు, ఫ్రేములు కట్టించి, వరసగా. "చూశారా, నేనెంత ఫేమస్సో!" అని ఇంటికొచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడు. మనం ఎంత పదునుగా గీసినా దానికి అద్దం బిగించి గోడకి కొట్టగలిగినవాడే నిజమైన నాయకుడు.

చెప్పులు బయట

తొంభైల మొదట్లో రెండు జరిగాయి. మా ప్రెస్సుకి ఆఫ్‌సెట్ యంత్రం వచ్చి జింకు బ్లాకులు పోయాయి. ఊరికి కేబుల్ టీవీ వచ్చింది. ఇందా అనే పేటలోనూ మా న్యూ సెటిల్‌మెంట్‌లోనూ కేబుల్ నడిపేది తపన్, నిరంజన్‌దా బావమరిది. సినిమాల మధ్యలో చీరల దుకాణం ప్రకటనలూ, తప్పిపోయిన ఆవుల వివరాలూ వేసేవాడు.

నిరంజన్‌దా నన్ను పిలిచి, "ఇక జనం చదవరు, చూస్తారు. నీ హల్దార్‌ని కదిలించు," అన్నాడు. కదిలించడమంటే ఏమిటో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. అందుకే వెంటనే ఒప్పేసుకున్నాను.

ఇందాలో మిఠాయి దుకాణం మీద ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం తెరిచారు. చెప్పులు బయట విప్పాలి. లోపల ఏసీ, కంప్యూటర్ల కోసమే, మన కోసం కాదు. మానిటర్ల మీద ఎర్ర వెల్వెట్ తొడుగులు. రోజూ తీసేటప్పుడు పెళ్ళికూతురి మేలిముసుగు తీస్తున్నంత జాగ్రత్త. నా పక్కన కూర్చున్నవాళ్ళంతా పద్దెనిమిదేళ్ళ పిల్లలు, నాకు నలభై దగ్గరపడ్డాయి. మాస్టారు అనిమేష్‌కి ఇరవై నాలుగు. ఆయన మాకన్నా సరిగ్గా ఆరునెలల ముందు నేర్చుకున్నాడు. పుస్తకంలో నలభయ్యో పేజీదాకా మహా ధైర్యంగా ఉండేవాడు. దాని అవతలిది ఏదడిగినా, "అది నెక్స్ట్ మాడ్యూల్," అనేవాడు.

మొదటి నెలంతా బంతి ఎగరేయించాడు. మౌస్‌తో గీయడమంటే తడి సబ్బుబిళ్ళతో ముగ్గు వేసినట్టు. బంతి కాస్తా బంగాళాదుంపలా ఎగిరేది. రెండో నెలలో నా హల్దార్‌బాబుని తెర మీదికి ఎక్కించాను. నాకు లోపల గర్వం. పదేళ్ళుగా కళ్ళు మూసుకుని గీస్తున్న మనిషి, పిల్లలెవరికీ ఇలాంటి సరుకు లేదు.

మీట నొక్కాను. హల్దార్‌బాబు ఎడమవైపు నుంచి కుడివైపుకి వెళ్ళాడు. కాళ్ళు ఆడుతున్నాయి, కానీ మనిషి తాడు కట్టి లాగినట్టు వెళ్ళాడు.

"దాదా, మీవాడు నడవట్లేదు. జారుతున్నాడు," అన్నాడు అనిమేష్.

"నాయకుడు కదా సార్, జారడమే ఆయన పని."

"జోక్ బాగుంది. మార్కులు మాత్రం లేవు."

ఇంకో ఘోరం. కాగితం మీద నా హల్దార్‌బాబుకి మెడ ఉండేది కాదు. పదేళ్ళలో ఏ పాఠకుడూ అడగలేదు. తెర మీద ఆయన వెనక్కి తిరగాల్సి వచ్చేసరికి తల జారి భుజం మీద పడింది. క్లాసంతా నవ్వింది. కార్టూనిస్టు బతుకంతా ఒక పక్కనుంచి చూసిన బతుకు అని అప్పుడు తెలిసింది. మంచి కోణం దొరికితే అక్కడే బిగించేస్తాం. కదిలే బొమ్మ అన్ని కోణాలూ అడుగుతుంది, మన దగ్గర అవి ఉండవు.

అనిమేష్‌ని ఎగతాళి చేశాను కానీ నాకు పనికొచ్చిన మాట ఆయనే చెప్పాడు. "మీరు హల్దార్‌బాబు మొహం బాగా చూశారు దాదా. ఆయన్ని ఎప్పుడైనా నడుస్తుండగా చూశారా? పోనీ ఎవరినైనా? వెళ్ళి వీధిలో కూర్చోండి." అది పుస్తకంలో లేదు, సొంతంగా ఆలోచించి చెప్పాడు. అలాంటి మాస్టారు దొరికితే నలభయ్యో పేజీ సంగతి పట్టించుకోకండి.

వరండాలోంచి

మా వరండాకి ఎదురుగా అప్పల్రాజు మావ క్వార్టరు. ఆయన మాకు చుట్టం కాదు, మేం చర్చికి వెళితే వాళ్ళు గుడికి వెళతారు. అయినా వీధందరికీ మావే. యార్డులో షంటింగ్ డ్రైవరు. అంటే పెద్ద రైళ్ళు నడపడు, బోగీల్ని విడదీసి, కలిపి, ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి తోసే చిన్న ఇంజను నడుపుతాడు. ఆ ఇంజను గురించి మాట్లాడేటప్పుడు ఆయన మొహంలో కనబడే వెలుగు భార్య పైడమ్మ అత్త గురించి మాట్లాడేటప్పుడు కనబడదని అత్తే అనేది.

మావ రోజూ డ్యూటీ దిగి సైకిలు నడిపించుకుంటూ వచ్చేవాడు. ఎక్కేవాడు కాదు. గేటు లోపల సైకిలు ఆనించి, అక్కణ్ణుంచి గుమ్మందాకా ఒక ఇరవై అడుగులు వేసేవాడు. ఆ ఇరవై అడుగులు చూసి నేను మురిసిపోయాను. కుడికాలు వంగదు. దాన్ని ముందుకి వేయడానికి తుంటి పైకి లేస్తుంది, ఒళ్ళంతా ఎడమకి ఒరుగుతుంది, తర్వాత ఒక చిన్న కుదుపుతో దిగుతుంది. లేవడం, ఒరగడం, దిగడం. ఒక్కో అడుగులో ఒక మొత్తం మనిషి ఉన్నాడు. వారంపాటు రోజూ స్కెచ్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మావ నన్ను చూసి పలకరించేవాడు. "ఏట్రా దానీలూ, ఎప్పుడు సూసినా వరండాలోనే ఉంటన్నావు? పేపరోలు పన్లోంచి తీసీసినారేటి?"

"లేదు మావా. కంప్యూటర్లో బొమ్మలు నేర్సుకుంటన్నాను."

"వరండాలో కంప్యూటరేటిరా?"

"ముందు ఆలోసించుకోవాల మావా."

"ఆలోసించడం కూడా డ్యూటీయేనేటి! ఓలమ్మ, నాను తప్పు లైన్లో సేరినాను."

అని నవ్వుతూ గుమ్మం ఎక్కేవాడు. ఆ కాలికేమైందని నేను అడగలేదు. వీధి మలుపులో సైకిలు పట్టుకుని అంత నిటారుగా వచ్చే మనిషి గేటు దాటగానే ఎందుకు ఒరిగిపోతున్నాడనీ అడగలేదు. రెండూ చూశాను. గీశాను.

రెండు అడుగులకు పన్నెండు బొమ్మలు చేసి, హల్దార్‌బాబు తల కింద తగిలించి మీట నొక్కాను. నడిచాడు! అనిమేష్ కుర్చీలోంచి లేచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కథ చిన్నదే. హల్దార్‌బాబు మురికికాలవ తనిఖీకి బయల్దేరతాడు, నడుస్తాడు, నడుస్తాడు, చేరడు. వెనక రోడ్డు కదులుతుంది, ఆ పన్నెండు బొమ్మలే తిరుగుతూ ఉంటాయి. టేపు మీదికి ఎక్కించే యంత్రం ఆ కేంద్రంలో లేదు. తపన్ ఒక పెళ్ళిళ్ళ వీడియోవాణ్ణి తెచ్చి మానిటరుకి ఎదురుగా కెమెరా పెట్టించాడు. బొమ్మ మీదుగా ఒక నల్లపట్టీ ఆగకుండా పైకి పాకుతూ పడింది. అదేదో నా ప్రయోగం అనుకుని తపన్ మెచ్చుకున్నాడు.

రోజుకి మూడుసార్లు

ఆదివారం పొద్దున సినిమాకి ముందు వేశారు. నేను కావాలనే ఇంట్లో చూడలేదు. మా వీధి చివర గుడి దగ్గర నూకరాజు టీకొట్లో టీవీ ఉంది, అక్కడ జనం మధ్య నిలబడ్డాను. హల్దార్‌బాబు మొహం కనబడగానే నవ్వులు. నడక మొదలవగానే నవ్వు ఒక్కసారి ఆగింది. నూకరాజు టీ వడపోస్తున్న చెయ్యి ఆపి తెర దగ్గరికి వచ్చాడు.

"ఇదేటిది, మన అప్పల్రాజు మావ నడకే కదేటి!"

"అవునోరే! నెత్తి మీద హల్దార్ బుర్ర ఎట్టీసినాడు, కిందంతా మావే!"

అప్పుడు పడింది నవ్వు, బెంచీలు కదిలేలా. ఒకడు లేచి కొట్టు ముందు అలా నడిచి చూపించాడు. ఇంకొకడు వాణ్ణి దిద్దాడు. నాకు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెబుతాను. సంతోషం వేసింది. మొహం లేకుండా, పేరు లేకుండా, పన్నెండు గీతల బొమ్మల్లో ఒక మనిషిని వీధి గుర్తుపట్టింది. ముడీ పొట్లాల్లోని మహానుభావులు కూడా ఇంత చేయలేదనుకున్నాను.

మర్నాడు హల్దార్‌బాబు స్వయంగా పత్రికాఫీసుకొచ్చాడు. రసగుల్లాల కుండ తెచ్చాడు. "దానియెల్‌బాబు, చాలా బాగుంది. ఒకటే లోటు, అది నేను కాదు. నేను అలా నడవను," అని ఆఫీసులో ఆ గోడ నుంచి ఈ గోడదాకా నడిచి చూపించాడు. నిజమే, కుర్రవాడిలా నడిచాడు. "ఎవరో పాపం," అని ఒక రసగుల్లా తనే తిని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి పైడమ్మ అత్త వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. రమ్మంటే లోపలికి రాలేదు.

"ఏటి సేసినావురా దానీలూ?"

"ఏటైంది అత్తా?"

"ఏడాదిన్నర కిందట సైకిలు మీంచి పడి మీ మావ మోకాలు సెడగొట్టుకున్నాడు. రైల్వే డాక్టరుకి సూపిస్తే ఇంజను దించీస్తాడని ఒరిస్సా ఎల్లి నాటు కట్టు కట్టించుకున్నాడు. అది సరిగ్గా అతకలేదు. రోడ్డు మీద సైకిలు అట్టుకుని తిన్నగా నడుస్తాడు. యార్డులో పళ్ళు బిగించి నడుస్తాడు. గేటు దాటినాక మరి ఓపలేక కాలు ఒగ్గీస్తాడు. ఈ వీధోళ్ళం సూసి ఊరుకున్నాం, యార్డోళ్ళకి తెలీనియ్యలేదు. నువ్వు అట్టుకెల్లి ఊరికంతటికీ సూపించినావు."

నేను ఆమె కింది మెట్టు మీద కూర్చున్నాను.

"టీకొట్టు కబురు ఇని ఇయ్యాల యార్డులో కుర్రోలు, 'డ్రైవర్‌గారూ, టీవీలో బాగా నడిసినారు' అన్నారంట. సూపర్వైజరు పక్కనే ఉన్నాడంట. మీ మావ ఇంజను దిగీదాకా కాలు కేసే సూసినాడంట." ఆమె లేచి చీరె దులుపుకుంది. "ఇంజను దించీస్తే ఆ మనిషి ఏటైపోతాడో నీకు తెలుసా? నాకు తెలుసు."

తిరిగి సుభాష్‌పల్లి పరుగెత్తాను. నిరంజన్‌దా, తపన్ ఇద్దరూ ఉన్నారు, మిగిలిన రసగుల్లాలతో.

"ఆ బొమ్మ ఆపెయ్యండి దాదా."

"ఎందుకు? హల్దార్‌బాబే మెచ్చుకున్నాడు."

"ఆ నడక వేరేవాళ్ళది."

"నడకకి ఎవరైనా రిజిస్ట్రేషన్ చేయించుకుంటారా?" అన్నాడు నిరంజన్‌దా. మావ సంగతంతా చెప్పాను. ఆయన రసం తుడుచుకుని కాసేపు ఆలోచించాడు, మనిషి చెడ్డవాడు కాదు. "ఆపితే జనం ఎందుకాపారని అడుగుతారు. అప్పుడు ఇంకా పెద్ద వార్త అవుతుంది."

"జనం ఫోన్లు చేసి మళ్ళీ వెయ్యమంటున్నారు," అన్నాడు తపన్. "మీరు నడక మార్చి ఇవ్వండి. టేపు మార్చేస్తాను. అందాకా ఇదే నడుస్తుంది." నిజంగానే నడిచింది, రోజుకి మూడుసార్లు.

ఎవరి నడక పెట్టను? ఇంకొకరిని చూడడానికి భయమేసింది. బీరువా అద్దం ముందు నేనే అటూ ఇటూ తిరిగి, నా నడక గీసుకున్నాను. అనిమేష్ తన సొంత సమయంలో పక్కన కూర్చుని సాయం చేశాడు. మూడో రోజుకి టేపు మార్చారు. కొత్త హల్దార్‌బాబుని చూసి ఎవరూ నవ్వలేదు. "ఏంటిది, పోస్టాఫీసుకి వెళుతున్నట్టు నడుస్తున్నాడు?" అని తపన్ విసుక్కుని వారం తిరక్కుండా మొత్తానికే తీసేశాడు. ఊరు కూడా మరిచిపోయింది. సూపర్వైజరు మాత్రం మరిచిపోలేదు. మావకి స్పెషల్ మెడికల్‌కి రమ్మని కాగితం వచ్చింది.

మెడికల్

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇంజను మీద పనిచేసేవాళ్ళ ఒంట్లో లోపం కనబడితే డాక్టరు వాళ్ళని ఇంజను దించి తేలికపని ఇస్తాడు. ఉద్యోగం పోదు, మనిషే పోతాడు. డ్రైవరుగారూ అని పిలిపించుకున్నవాడు ఆ మర్నాటినుంచి ఏదో ఒక గదిలో స్టూలు మీద కూర్చుంటాడు. మా వీధిలో మగవాళ్ళు జ్వరమొస్తే దాచుకోరు, కళ్ళు మసకబారితే దాచుకుంటారు.

మావతో పాటు నేనూ వెళ్ళాను. ఆయన రావద్దనలేదు, రమ్మనలేదు. డాక్టరు మోకాలు నొక్కి చూసి, వసారా చివరిదాకా నడిచి రమ్మన్నాడు. మావ లేచి చొక్కా సర్దుకుని నడిచాడు. సైకిలు లేదు, గోడ పట్టుకోలేదు. నిటారుగా వెళ్ళి, నిటారుగా వచ్చాడు. నుదుటి మీద చెమట చూస్తే తప్ప ఏ లోపమూ లేదు. ఇరవై ఏళ్ళ తర్వాతి కంప్యూటర్లతో కూడా అంత మంచి నడక నేనెవరికీ ఇవ్వలేకపోయాను.

డాక్టరు ఏదో రాసుకుని, "ఇంకోసారి," అన్నాడు. రెండోసారీ నడిచాడు.

"ఇంకోసారి."

మూడోసారి వసారా సగంలో తుంటి లేచింది. ఒళ్ళు ఎడమకి ఒరిగింది. నాకు తెలిసిన ఒరుగుడే, నా అయిదో బొమ్మ.

ఇక్కడ నిజం మాట్లాడాలి. ఆ రూలు తప్పు కాదు. వంగని కాలితో తడి మెట్ల మీద ఇంజను ఎక్కి దిగే మనిషికి ఏదో ఒకరోజు ఏమైనా కావచ్చు, లైన్ల మధ్య నిలబడ్డ ఇంకొకరికీ కావచ్చు. సూపర్వైజరు తన పని చేశాడు, డాక్టరు తన పని చేశాడు. ఇలా లెక్క చూసుకుంటే నేను మంచిపనే చేశాను కదా అని కొన్నాళ్ళు నన్ను నేను ఊరడించుకున్నాను. కుదరలేదు. నేను ఎవరి ప్రాణం కాపాడదామనీ గీయలేదు. మార్కులు లేవన్నారని గీశాను.

రాజకీయ కార్టూన్ నుంచి ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మనం పదవిలో ఉన్నవాణ్ణి కొట్టడానికి రాయి ఎత్తుతాం. ఆ రాయి ఎక్కణ్ణుంచి తీశామో చూసుకోం. హల్దార్‌బాబుకి చిన్న గీత కూడా పడలేదు, ఆయన గోడ మీద ఇంకో ఫ్రేము పెరిగిందంతే. మొహమైతే నాయకుడు ఊరికిచ్చేశాడు, పోస్టర్లు తనే వేయించుకున్నాడు. నడక ఎవరూ ఊరికివ్వరు. దాన్ని తీసుకునే ముందు అడగాలి. ఇది ఏ మాడ్యూల్లోనూ లేదు.

మావని ఇంజను దించి, క్రూ బుకింగ్ ఆఫీసులో కూర్చోబెట్టారు. ఏ డ్రైవరు ఎన్నింటికి ఏ ఇంజను ఎక్కుతాడో రిజిస్టర్లో రాసే పని. నేను వరండాలో కూర్చోవడం మానేశాను. ఆయన వచ్చే వేళకి వెనక తలుపునుంచి బయటికి పోయేవాణ్ణి. ఇలా నెల గడిచాక ఒక ఆదివారం, మేము చర్చినుంచి వచ్చేసరికి, మావ మా వరండాలో నా కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు.

"ఏట్రా, డ్యూటీ మానీసినావేటి?"

"మావా, నన్ను..."

"ఆగు. ఆ టీవీది నాను కూడా సూసినాను. తప్పు రాసినావు."

నేను ఇంకేదో తిట్టు అనుకుని తల వంచుకున్నాను.

"అది కాదురా. కుడికాలు ఎత్తినప్పుడు నా ఎడంసెయ్యి ఎనక్కి పోద్ది. నువ్వు ముందుకి ఎట్టినావు. సైకిలు ఒగ్గీసినాక ఆ సెయ్యికి ఏటి సెయ్యాలో తెలీదు, ఎనక్కి పోద్ది. వారం రోజులు సూసినావు కదేటి, అది కనబళ్ళేదా?"

లోపలికి వెళ్ళి స్కెచ్ పుస్తకం తెచ్చి చూశాను. కుడికాలు లేచిన ప్రతి బొమ్మలోనూ చెయ్యి ముందుకే ఉంది.

"అడగాల్సింది మావా," అన్నాను.

"అడగాల్సిందే."

"అడిగితే ఇచ్చుందువా?"

"ఎందుకిస్తాను? ఇంజను మీదున్నోణ్ణి, ఇవ్వను." కుడికాలు చేత్తో పట్టుకుని జరుపుకున్నాడు. "అయినా నువ్వు అడగాల."

తర్వాత కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు. "పెన్సిలు తే. సరిగ్గా రాసుకో."

"ఇప్పుడెందుకు మావా అది?"

"పని నేర్సుకుంటన్నావా లేదా? తప్పు నేర్సుకోకు. ఎన్ని కావాల నీకు?"

"రెండడుగులకి పన్నెండు."

"పన్నెండు సార్లూ ఆగాలా?"

"అక్కర్లేదు మావా. నువ్వు నడు, నాను సూసుకుంటాను."

"ఆగుతానులే," అన్నాడు. "నా కోసం అక్కడ ఇంజను కాసుకోని ఉందేటి?"

కుడిచేత్తో వరండా గోడ పట్టుకుని, కుడికాలు ఎత్తి, అలాగే నిలబడ్డాడు.